కంప్యూటరు గుర్తుపట్టని మనిషి

శుక్రవారం పొద్దున్న తిరుమలరావు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కంప్యూటరు తెరవాలి, మనవరాలి ఫొటో అల్లుడికి మెయిల్లో పంపాలి, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నర్సింగ్ హోముకు పోవాలి. పోయి, ఆ పిల్ల గోళ్ళు ఇంకోసారి చూడాలి.

ముందురోజు తెల్లవారుతూండగా పుట్టిన ఆ పిల్లకి అప్పుడే గోళ్ళున్నాయి. బియ్యపు నూకలో సగం ఉండవు, అయినా గోళ్ళే. విజయనగరంలో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతూ జుట్టు నెరిసినవాడు తిరుమలరావు. ఎంతో నైసు పనితనం చూశాడు, చేత్తో తడిమి లోపం చెప్పగలడు. ఆ గోళ్ళ దగ్గర మాత్రం నోరు తెరిచి అలా ఉండిపోయాడు. "ఇంత సన్న పని ఎవుడు సేసినాడే?" అని భార్య నీలవేణిని రెండుసార్లు అడిగాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

కూతురు అనూరాధకు కాన్పు నెలాఖరుకని డాక్టరమ్మ చెప్పింది. మూడు వారాలు ముందే నొప్పులొచ్చాయి. రాత్రంతా వరండాలో తిరుగుతూ తిరుమలరావు సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాడు. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే తలనీలాలతో పాటు మీసం కూడా ఇస్తానన్నాడు. పిల్ల ఏడుపు వినపడగానే, గోళ్ళు చూసుకుని, బస్సెక్కి సింహాచలం వెళ్ళి అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఇంటర్మీడియెట్లో మొలిచిన మీసం అది. అప్పట్నుంచీ దాన్ని కత్తిరించాడే గాని ఎన్నడూ తియ్యలేదు. చీకటిపడ్డాక ఖాళీ ఇంటికి వచ్చి, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. నీలవేణి నర్సింగ్ హోములోనే ఉండిపోయింది.

ఫొటో ఆ రోజే పంపడానికి కారణముంది. అల్లుడు ప్రదీప్ సరుకు ఓడలో ఇంజను పని చేస్తాడు. నడి సముద్రంలో ఫోను పని చెయ్యదు. ఓడ రేవులో ఆగినప్పుడు ఒడ్డుకు దిగి, ఏదో నెట్ సెంటరులో కూర్చుని మెయిలు చూసుకుంటాడు. "శుక్రవారం మధ్యాహ్నం దాకా సింగపూరు రేవులో ఉంటాము. ఆ తర్వాత మళ్ళీ నేల కనపడేది నెల దాటాకే" అని కిందటి వారం రాశాడు. అంటే ఇవాళ మధ్యాహ్నంలోగా కబురు అందకపోతే, తనకు కూతురు పుట్టిందన్న సంగతి తెలియకుండా ఆ తండ్రి నెల పైగా నీళ్ళ మీద తిరుగుతాడన్నమాట.

కంప్యూటరు కొనిచ్చింది కూడా ప్రదీపే. ఓడెక్కే ముందు దాన్ని ముందుగదిలో బిగించి, మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, "మావయ్యా, మీరు ఏమీ కొట్టక్కర్లేదు. ఇది మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది. కూర్చోండి, ఇక్కడ నొక్కండి, మీ మెయిలు దానంతటదే తెరుచుకుంటుంది" అన్నాడు. తెరకు పైన గోళీకాయంత కెమెరా ఒకటి ఉంది. తిరుమలరావు దాని వంక చూశాడు. అది తన వంక చూసింది. నొక్కగానే మెయిలు తెరుచుకుంది. ఒంటి మీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి.

ఆ రోజునుంచి తిరుమలరావు తల దువ్వుకోకుండా కంప్యూటరు ముందు కూర్చోలేదు. వీధిలోవాళ్ళని పిలిచి చూపించేవాడు. "సూడండి, నా మొగం సూసి తెరుసుకుంతాది" అనేవాడు. అది తెరుచుకునేది. జనం గుటకలు మింగేవారు. ఒకసారి దుమ్ము తుడుస్తూ నీలవేణి నొక్కితే కూడా తెరుచుకుంది. "నేను గుమ్మంలో ఉన్నాను కాదేటి? అక్కడ్నించే సూసేసినాది" అని ఆయన చెప్పాక, అందరికీ దాని చూపు మీద గౌరవం ఇంకా పెరిగింది. అనూరాధ పుట్టింటికి వచ్చాక కూడా, ఆమెకు మెయిలు కావాలంటే ఆయనే ముందు కూర్చుని తెరిచి, "ఇంద, సూసుకో అమ్మా" అని లేచేవాడు.

శుక్రవారం పొద్దున్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అలవాటు కొద్దీ దువ్వెన అందుకుని, దువ్వడానికేమీ లేదని గ్రహించి, తిరుమలరావు కంప్యూటరు పెట్టాడు. తెర మీద ఏదో కొత్త పెట్టె వచ్చింది. బ్రౌజరు కొత్తదయిందనీ, ఇక మరింత బాగా పనిచేస్తుందనీ దాని సారాంశం. ఆయన చదవలేదు. 'ఓకే' అన్న చోటల్లా ఓకే నొక్కాడు. మెయిలు నొక్కాడు.

తెరుచుకోలేదు. తెల్లటి పేజీ వచ్చింది. పేరు రాయడానికి ఒక గడి, పాస్‌వర్డు రాయడానికి ఇంకొక గడి.

తిరుమలరావు మళ్ళీ నొక్కాడు. ముందుకు వంగి కెమెరాకు దగ్గరగా మొహం పెట్టాడు. ఎడమవైపు తిరిగాడు, కుడివైపు తిరిగాడు. లైటు వేశాడు. పేజీ కదల్లేదు. చెయ్యి అప్రయత్నంగా నెత్తి మీదికి పోయింది, అక్కణ్ణుంచి జారి ముక్కు కింద ఆగింది.

"ఓలమ్మ!" అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నీలవేణి కాఫీ ఫ్లాస్కు కోసం ఇంటికి వచ్చింది. ముందుగదిలో కంప్యూటరు ముందు ఎవరో గుండాయన కూర్చుని ఉన్నాడు. కొంగు సర్దుకుని, "ఎవరు కావాలండీ? ఆయన ఇంట్లో లేరేటి?" అంది.

గుండాయన వెనక్కి తిరిగాడు. ఆవిడ చేతిలోని సంచి కింద పడింది. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో భర్త పై పెదవిని చూడ్డం ఆవిడకి అదే మొదలు.

తిరుమలరావుకు కోపం రాలేదు. పైగా అనుమానం తీరినట్టయింది. "ఇన్నేళ్ళు కాపరం సేసినదానివి నువ్వే గుర్తుపట్టలేకపోనావు. పాపం అదేటి సేస్తాది నీలా? మిషను!"

"గుర్తుపట్టలేదా? తెరుసుకోలేదేటి?"

"ఎవడివి నువ్వు, పేరు రాయి అంతన్నాది."

నీలవేణి భయభక్తులతో కెమెరా వంక చూసింది. వెంటనే లోపలికి పోయి కాటుకబరిణె తెచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, నాలిక చివర పళ్ళమధ్య పెట్టుకుని, భర్తకు మీసం దిద్దింది. పండగ ముగ్గు వేసేటప్పుడు కూడా ఆవిడ అంత శ్రద్ధ పెట్టలేదు. తలకు తువ్వాలు చుట్టింది. ఆయన ఊపిరి బిగబట్టి నొక్కాడు. అవే రెండు గడులు.

"పేరు రాయమంతన్నాది కదా, రాసి సూడండి" అంది నీలవేణి.

పై గడిలో తన మెయిలు పేరు ఒక్కొక్క అక్షరమే వెతికి రాశాడు. కింది గడిలో ఏం రాయాలో తెలియలేదు. పాస్‌వర్డు అనేది ఒకటుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆలోచించి, 'నేనే తిరుమలరావుని' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. రాసిందంతా చుక్కలు చుక్కలుగా మారిపోయింది. తప్పు అని ఎర్రగా వచ్చింది.

"తిరుమలరావుని కాదంట" అన్నాడాయన నీరసంగా.

"కాటుక మీసం కాబట్టి పట్టేసింది. బంగారురాజు అన్నియ్యని పిలుద్దామండీ" అంది నీలవేణి.

బంగారురాజు పక్కింటాయన. నాటకాల వాళ్ళకు దుస్తులూ విగ్గులూ మీసాలూ అద్దెకిస్తాడు, తనే మేకప్ చేస్తాడు. అటు సాలూరు నుంచి ఇటు శ్రీకూర్మం దాకా ఎక్కడ నాటకం వేసినా ఆయన ట్రంకుపెట్టె వెళ్ళాల్సిందే. విషయం విని లేచి వచ్చాడు. కెమెరాకు ఎదురుగా నిలబడి, గట్టి ప్రత్యర్థిని చూసినట్టు దాన్ని ఎగాదిగా చూశాడు.

"తిరుమలరావు బావా, మనుసుల కళ్ళని మోసం సెయ్యడం నాకు లెక్కలేదు. మొన్న బొబ్బిలిలో ఒకడికి ఆడవేషం ఏస్తే ఆడి సొంత పెళ్ళామే ఒదినా అని పిలిసింది. కానీ మిషను కన్ను... ఇది ఎప్పుడూ పడలేదు నాకు."

"మధ్యాన్నం దాటితే ఓడ ఎల్లిపోతాది బంగార్రాజూ."

"కూకో అయితే."

మొదట రాజు విగ్గు పెట్టాడు, భుజాలదాకా వచ్చింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. మునీశ్వరుడి విగ్గు కత్తిరించి పెట్టాడు. అదీ ఒప్పుకోలేదు. బందిపోటు మీసం పెడితే తిరుమలరావు తుమ్మాడు, అది ఎగిరి కీబోర్డు మీద పడింది. వేషం మార్చిన ప్రతిసారీ ఆయన వెళ్ళి కూర్చుని, కింది గడిలో 'నేనే తిరుమలరావుని' అని వినయంగా రాశాడు. ప్రతిసారీ ఎర్ర అక్షరాలే వచ్చాయి. ఒకసారి, గౌరవం తక్కువైందేమోనని, చివర 'గారు' చేర్చి కూడా చూశాడు.

చివరకు బంగారురాజు గోడ మీది ఫొటో దింపించాడు. అనూరాధ పెళ్ళిలో తీసిన ఫొటో అది. దాన్ని ఎదురుగా పెట్టుకుని, నల్ల వెంట్రుకల మధ్య తెల్లవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, అక్కడక్కడే పౌడరు అద్దాడు. మీసం ఎడమ కొస కాస్త కిందికి వాలి ఉంటే ఇక్కడా అలాగే వాల్చాడు. పని అయ్యాక రెండడుగులు వెనక్కి వేశాడు.

నీలవేణి చేతులు జోడించింది. కిటికీ దగ్గర అప్పటికే పోగైన ఇరుగుపొరుగు చడీచప్పుడూ లేకుండా నిలబడిపోయింది. మొన్నటి తిరుమలరావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుండాయన ఏమైపోయాడో తెలియదు.

"ఇంక నీదే బారం తండ్రీ" అని కెమెరాకు దణ్ణం పెట్టి, నొక్కి, రాశాడు తిరుమలరావు.

ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. వంకరటింకర అక్షరాల బొమ్మ ఒకటి వచ్చింది. దాని పైన ఇంగ్లీషులో ఒక వాక్యం. బంగారురాజు కళ్ళజోడు సవరించుకుని కూడబలుక్కున్నాడు. చదివాక మొహం పాలిపోయింది.

"ఏటంతాది?"

"నువ్వు... మనిసివేనని రుజువు సెయ్యమంతన్నాది, బావా."

తిరుమలరావు తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. నీలవేణి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. బహుశా ఆవిడకి కూడా రుజువు కావాల్సి వచ్చిందేమో. వంకర అక్షరాలు ఏవో నొక్కారు. ఆఖరి పేజీ వచ్చింది. అనుమానాస్పదమైన వ్యక్తి ఎవరో ప్రవేశించడానికి మాటిమాటికీ ప్రయత్నిస్తున్నందువల్ల ఈ ఖాతా తలుపులు ప్రస్తుతానికి మూసేశామని అందులో ఉంది.

"అనుమానం వచ్చినాదంటే నా పనితనంలోనే ఎక్కడో లోపముంది" అని బంగారురాజు పెట్టె మీద కూలబడ్డాడు.

ఈ సందడిలో నీలవేణి సెల్లు మోగింది. అవతల ఆవిడ చెల్లెలు కాంతం. నర్సింగ్ హోములో అనూరాధ దగ్గర కూర్చున్నది ఆవిడే. "అక్కా, కాఫీకని ఎల్లి అక్కడే ఉండిపోనావేటి?" అని అడిగింది.

"రాలేకపోతన్నానే. పొద్దున్నించీ మీ బావని గుర్తుపట్టడం లేదు. మనిసేనా అని కూడా అనుమానం వచ్చేసినాది. తరవాత సెప్తాను" అని పెట్టేసింది నీలవేణి.

కాంతం మాట్లాడుతున్న నర్సింగ్ హోము మెట్ల దగ్గర సిగ్నలు సరిగా అందదు. నీలవేణి అన్న మాటల్లో అన్నీ చేరాయి గాని, 'బావని' అన్న దానిలోని చివరి అక్షరం ఒక్కటీ దారిలో ఎక్కడో రాలిపోయింది. కాంతానికి వినపడింది, మీ బావ గుర్తుపట్టడం లేదని. ఎవరినీ గుర్తుపట్టడం లేదన్నమాట. మనిషా కాదా అన్న అనుమానం దాకా వచ్చిందన్నమాట.

ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండగానే, ప్రదీప్ తండ్రి జగన్నాధం మెట్లెక్కుతూ వచ్చాడు. కళింగపట్నం దగ్గర వ్యవసాయం ఆయనది. మనవరాలు పుట్టిందని కబురందగానే కొబ్బరిబొండాల బస్తా భుజాన వేసుకుని మొదటి బస్సెక్కాడు. కాంతం ఆయన్ని పక్కకు లాగి, బాలింతకు వినపడకుండా గొంతు తగ్గించి, "అన్నియ్యా, మా బావకి మతి పోయినాది. నిన్న సింహాచలంలో గుండు సేయించుకుని ఎండలో తిరిగినాడు. ఈయాల ఎవుర్నీ గుర్తుపట్టడం లేదంట" అంది.

జగన్నాధం బస్తా దింపి ఆటో ఎక్కాడు.

ఇల్లు చేరేసరికి గుమ్మం నిండా జనం. దారి చేసుకుని లోపలికి పోయి చూశాడు. తిరుమలరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నెత్తి నిండా జుట్టు. మూతి నిండా మీసం. జగన్నాధం కళ్ళు నులుముకున్నాడు. ఎరువు వేసిన నేలలో పైరు లేవడం చూశాడు గాని ఒక్క రాత్రిలో ఇంత ఎదుగుదల ఎక్కడా చూడలేదు.

"బావా, నిన్న సింహాచలం ఎల్లినావా?" అని మెల్లగా అడిగాడు.

"ఎల్లినాను."

"జుట్టిచ్చేసినావా?"

"మీసం కూడా ఇచ్చేసినాను."

"మరి ఇదేటి?"

తిరుమలరావు కంప్యూటరు వైపు వేలు చూపించాడు. "దాని కోసం."

జగన్నాధం బంగారురాజు వైపు చూశాడు. బంగారురాజు తల దించుకున్నాడు. జగన్నాధం గొంతు సవరించుకుని, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు, "నేనెవుర్ని బావా? సెప్పు సూద్దాం" అన్నాడు.

తిరుమలరావు దీర్ఘంగా నిట్టూర్చాడు. "నువ్వెవురైతే దానికేటి బావా? నేనెవురో తేలాలి ముందు."

ఇంక సందేహం లేదు. జగన్నాధం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పద బావా. మనవరాల్ని సూసొద్దాం, పద" అని చెయ్యి పట్టుకుని లేపాడు. తిరుమలరావు కూడా వెంటనే లేచాడు. ఇక అనూరాధను అడగడం తప్ప దారి లేదని ఆయనకూ అప్పుడే తోచింది. అంతసేపూ పచ్చి బాలింతను కంగారు పెట్టకూడదని ఊరుకున్నాడు. వియ్యంకుడి కంటి తడి చూసి, అల్లుడికి కబురందలేదని ఈయన కూడా ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాడు. ఆటోలో ఇద్దరూ ఒకరి వీపు ఒకరు నిమురుకుంటూ కూర్చున్నారు. నీలవేణి ముందు డ్రైవరు పక్కన ఒదిగి కూర్చుంది. విగ్గు అద్దెకిచ్చినవాడు దాన్ని వదిలి ఉండలేడు కాబట్టి, బంగారురాజు వెనక స్కూటరు మీద వచ్చాడు.

కాంతం గొంతు తగ్గించి చెప్పిన కబురు అప్పటికే నర్సు చెవిన పడి, నర్సు నుంచి డాక్టరమ్మకు చేరింది. ఆవిడ కాన్పుల డాక్టరే గాని, కళ్ళముందు మనిషి అలా ఉంటే ఊరుకోలేదు. తిరుమలరావు రాగానే తన గదిలో స్టూలు మీద కూర్చోబెట్టింది.

"మీ పేరు చెప్పండి."

"పొద్దున్నించీ అదే సెప్తన్నాను తల్లీ. ఎవరూ నమ్మడం లేదు" అన్నాడు తిరుమలరావు.

"సరే. ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం కాదేటమ్మా! మధ్యాన్నం అయితే ఓడ ఎల్లిపోతాది!"

"ఏ ఓడ?" అంది డాక్టరమ్మ నీలవేణి వైపు తిరిగి. విజయనగరంలో ఓడ ఏమిటో ఆవిడకు అర్థం కాలేదు. నీలవేణి నోరు విప్పేలోగా డాక్టరమ్మ టార్చి తీసి ఆయన కళ్ళలో వేసింది. దగ్గరగా వంగి కింది రెప్ప లాగింది. ఉక్కపోతలో బంకంతా కరిగిపోయి ఉంది. తిరుమలరావు మీసం ఒక వైపునుంచి నెమ్మదిగా ఊడి, డాక్టరమ్మ అరచేతిలోకి వచ్చి పడుకుంది.

ఎన్నో కాన్పులు చేసిన చెయ్యి ఆవిడది. ఆ చేతిలోకి ఇలాంటిది మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆవిడ కేక వేసింది. ఆ కేకకు నర్సు వచ్చింది, నర్సును చూసి జగన్నాధం లోపలికి దూకాడు, జగన్నాధాన్ని తప్పించుకోబోయి తిరుమలరావు లేచాడు. విగ్గు తలుపు గొళ్ళేనికి తగులుకుని అక్కడే వేలాడింది. ఒక్క క్షణంలో ఆయన మళ్ళీ గుండాయన అయిపోయాడు. జగన్నాధం రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. ఒకే రోజున జుట్టు మొలవడమూ ఊడిపోవడమూ రెండూ ఆయన చూశాడు.

"ఏటి నాన్నా ఆ గోల? ఇలా రండి" అని పక్కగదిలోంచి అనూరాధ పిలిచింది.

అందరూ ఆమె మంచం చుట్టూ చేరారు. తిరుమలరావు మొదలుపెట్టాడు, నీలవేణి అందుకుంది, బంగారురాజు సాంకేతిక వివరాలు చేర్చాడు. వింటూ వింటూ అనూరాధ దిండు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. దిండు ఊగడం మొదలుపెట్టింది. "అమ్మా, నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి" అంది ఏడుస్తున్నట్టు.

నవ్వు తగ్గాక చెప్పింది. "నాన్నా, అది ఎవరి మొహమూ చూడదు. ఆయన మీ పాస్‌వర్డు ఒకసారి కొట్టి, దాన్ని బ్రౌజరులో దాచిపెట్టారు. మీరు నొక్కినప్పుడల్లా అదే తెచ్చి పెట్టుకునేది. ఇవాళ కొత్తది వచ్చినప్పుడు దాచిందంతా పోయినట్టుంది. అంతే. గుండుకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

తిరుమలరావు నున్నటి నెత్తి తడుముకున్నాడు. మొహం చూసి తెరుచుకుంటుందన్నప్పుడు కలిగిన విస్మయం కంటే, చూడకుండానే ఇన్నాళ్ళూ తెరుచుకుందన్నప్పుడు కలిగిన విస్మయమే పెద్దదిగా ఉంది.

"అయితే ఆ మాటేదో నువ్వు సెప్పమ్మా. ఎల్లి కొట్టేస్తాను."

అనూరాధ నవ్వు ఆగిపోయింది. "నాకు తెలీదు నాన్నా. ఆయనకే తెలుసు."

గది చల్లబడింది. గోడ గడియారం వంక ఎవరూ చూడకుండానే అందరూ చూశారు. మధ్యాహ్నం అయిపోయింది. తిరుమలరావు ఉయ్యాల దగ్గరికి వెళ్ళాడు. పిల్ల నిద్రపోతోంది. పిడికిలి బయటపెట్టి, ఆ నూకల్లాంటి గోళ్ళు ప్రపంచానికి చూపిస్తోంది. "మీ నాన్నకి సెప్పలేకపోనానమ్మా" అన్నాడాయన.

అప్పుడు జగన్నాధం జేబులో సెల్లు మోగింది. తెర మీద ఆయన ఎప్పుడూ చూడనంత పొడుగు నంబరు. భయపడుతూ చెవికి పెట్టుకున్నాడు.

"నాన్నా! మావయ్యగారికి ఏమైంది?" అని అవతలినుంచి ప్రదీప్ అరుపు.

జగన్నాధం ఫోను దూరంగా పెట్టి చూసి, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. "ఒరే, మీ మావకి మతి పోయినాదన్న కబురు సింగపూరు దాకా ఎలాగొచ్చినాదిరా?"

"మతి పోవడమేటి? ఆయన మెయిల్లోకి ఎవడో దూరబోతున్నాడని పొద్దున్నించీ నాకు ఒకటే హెచ్చరికలు. ఆ ఖాతాకి కాపలాగా నా మెయిలు ఇచ్చాను లే. ఒకటి కాదు నాన్నా, వరసగా! ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. ఏదో అయిందని భయపడి కార్డు కొని నీకు చేస్తున్నాను. అందరూ బాగున్నారా?"

జగన్నాధం ఫోను తిరుమలరావుకు ఇచ్చాడు. తిరుమలరావు "అల్లుడూ" అని అనూరాధకు ఇచ్చాడు. అనూరాధ నోరు తెరిచింది గాని మాట బదులు కన్నీళ్ళొచ్చాయి. నీలవేణి వైపు చేత్తో సైగ చేసింది. నీలవేణి పిల్లను ఎత్తి తెచ్చింది. అనూరాధ ఆ ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టింది.

చల్లటి ఫోను బుగ్గకు తగిలి పిల్ల లేచింది. గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విజయనగరంలో బయల్దేరి, ఎన్ని మైళ్ళో ఎవరికి తెలుసు, సముద్రం దాటి సింగపూరు రేవులో ఒక అద్దాల పెట్టెలో నిలబడ్డ మనిషి చెవిలో పడింది. అవతల ఓడ కూత లాంటిదేదో దూరంగా వినపడింది.

"అనూ," అన్నాడు చివరికి, గొంతు గుర్తుపట్టలేనట్టు మారిపోయి, "అది... మనదేనా?"

"ఆడపిల్ల" అంది అనూరాధ.

గదిలో అందరూ వేరే వేరే దిక్కులు చూశారు. డాక్టరమ్మ కూడా గుమ్మంలో నిలబడిపోయింది. మీసం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"అది పొద్దున్నే తెరుసుకుని ఉంటే ఒట్టి ఫొటోయే ఎల్లేది. ఈ గుంట గొంతు ఆయన వినేవాడేటి?" అంది నీలవేణి మెల్లగా, ఎవరితోనూ కాకుండా.

సరుకు ఎక్కించడం ఆలస్యమై ఓడ ఇంకా కదల్లేదని, ఇంకో గంట ఒడ్డునే ఉంటానని ప్రదీప్ అన్నాడు. తన కాపలా మెయిలు నుంచి మామగారి పాస్‌వర్డు మార్చేస్తానని, ఏం పెట్టమంటారని అడిగాడు. తిరుమలరావు ఆలోచించకుండా పాప పుట్టిన తేదీ చెప్పాడు. అందరూ ఆటోలో ఇంటికి పరిగెత్తారు. ఈసారి నీలవేణి కెమెరా వంక కూడా చూడలేదు. తేదీ కొట్టారు, తెరుచుకుంది, ఫొటో పంపారు. కాసేపటికే ప్రదీప్ నుంచి జవాబు వచ్చింది. దానిలో ఒకే మాట ఉంది. "గోళ్ళు!"

తిరుమలరావు ఆ మాటను వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. బంగారురాజు విగ్గులు లెక్క చూసుకుని సర్దుకున్నాడు, జగన్నాధం నర్సింగ్ హోము నుంచి ఆటోలో వేసుకొచ్చిన బొండాలు కొట్టి అందరికీ పంచాడు. వీధి సద్దుమణిగాక తిరుమలరావు మెయిలు కట్టేద్దామని కూర్చుంటే, అక్కడ కంపెనీవాళ్ళ ఉత్తరం ఒకటి కనపడింది. ఇవాళ ఉదయం మీ ఖాతాలోకి ఒక అనుమానాస్పద వ్యక్తి పదేపదే రాబోయాడనీ, ఆ వ్యక్తి మీరేనా అనీ అడుగుతూ, కింద 'అవును', 'కాదు' అని రెండు మీటలు పెట్టారు.

తిరుమలరావు చాలాసేపు ఆలోచించి, నీలవేణిని కూడా ఒక మాట అడిగి, 'అవును' నొక్కాడు.